ఇల్లు కదలలేదు, ఎల్లలే కదిలాయి

(హోసూరు ప్రాంతంలోని మా ఊరిలో, మా అవ్వ సంవత్సరీకం మరునాడు, బంధువులూ ఇరుగుపొరుగు ఊళ్ల తెలుగువారూ కూడిన సభలో చేసిన ప్రసంగపాఠం)



పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, మాలూరు నుంచి, కుప్పం నుంచి శ్రమపడి వచ్చిన బంధువులకు, మన పిలుపు మన్నించి వచ్చి కూర్చున్న తమిళ, కన్నడ మిత్రులకు నా వందనాలు.

మా అవ్వ గతించి ఏడాది నిండింది. నిన్న శాస్త్రోక్తంగా జరుగవలసిన కార్యం జరిగింది. ఈ రోజు ఆమెను గురించి నాలుగు మాటలు చెప్పమని ఇంటి పెద్దలు నన్ను ఆజ్ఞాపించారు. న్యాయస్థానంలో మాట్లాడటం నా వృత్తి. అక్కడ ఆధారం చూపనిదే ఏ మాటా నిలువదు. ఇంటి పెద్దను గురించి మాట్లాడేటప్పుడు ఆధారం అడిగేవారుండరు, పొగడ్తకు అడ్డుకట్టా ఉండదు. అందుకని ముందుగానే నాకు నేను ఒక హద్దు గీసుకున్నాను. నేను కళ్లారా చూసినవి, ఆమె నోట విన్నవి, ఆమె పెట్టెలో దొరికినవి మాత్రమే చెబుతాను.

అవ్వ 1934లో కోలారు జిల్లా మాలూరు తాలూకాలో పుట్టింది. అది అప్పటి మైసూరు సంస్థానం. 1949లో, పదిహేనేళ్ల వయసులో, ఈ ఊరికి కోడలుగా వచ్చింది. అప్పుడిది మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లా. ఎడ్లబండి ఎక్కి పొద్దున బయలుదేరితే మాపటికి అత్తగారి ఊరు చేరిందట. దారిలో ఒక ప్రభుత్వం దాటి మరొక ప్రభుత్వంలో అడుగుపెట్టిన సంగతి ఆమెకు తెలియదు. అక్కడా ఇక్కడా అవే రాగి చేలు, అవే ఉలవ చేలు, అదే మాట. "గంగమ్మ గుడి వేరే, అంతే" అనేది.

ఆ తరువాత ఆమె ఇల్లు మారలేదు. పెళ్లినాడు గడప దాటి లోపలికి వచ్చిన ఇంటి నుంచే తొంభై దాటిన వయసులో ఆఖరి ప్రయాణమూ చేసింది. అయితే ఆమె చిరునామా మాత్రం మారుతూనే వచ్చింది. 1965లో సేలం జిల్లాను విడదీసి ధర్మపురి జిల్లా చేశారు. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది. 2004లో ధర్మపురిని విడదీసి కృష్ణగిరి జిల్లా చేశారు. ఒకే ఇల్లు, ఒకే గడప, మూడు జిల్లాలు, రెండు రాష్ట్రనామాలు. మన సరిహద్దు జిల్లాల తెలుగువారిని చూసి "మీరెప్పుడు ఇక్కడికి వలస వచ్చారు?" అని అడిగేవారు ఈ చిన్న లెక్కను గమనించాలి. మనలో తరాల కిందట వచ్చినవారూ ఉన్నారు, తరతరాలుగా ఇక్కడే ఉన్నవారూ ఉన్నారు. కానీ మా అవ్వ వంటివారి విషయంలో కదిలినది మనిషి కాదు, గీత.

ఆ గీతలు గీసినవారిని నిందించటానికి నేనిక్కడ నిలబడలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడాది చివరనే నియమితమైన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. 1956 నవంబరు 1న దక్షిణాది పటం మారింది. మా హోసూరు తెలుగు, కన్నడ, తమిళ భాషలు మూడూ కలగలిసిన తాలూకా. ఇక్కడ ఏ గీత ఎటు గీసినా ఎవరో ఒకరు ఆవల పడవలసిందే. గీత గీయటం అనివార్యమైనప్పుడు, ఆవల పడినవారికి ఏమి హామీ ఇచ్చారు, ఆ హామీని ఎంతవరకు నిలబెట్టుకున్నారు అన్నదే అడగవలసిన ప్రశ్న. అవ్వ బ్రతుకు చెప్పటమంటే ఆ ప్రశ్నను అడగటమే.

అవ్వకు ఇద్దరు చెల్లెళ్లు. పెద్ద చెల్లెలిని మాలూరు పక్క ఊరిలోనే ఇచ్చారు. చిన్న చెల్లెలిని కుప్పం దగ్గర ఇచ్చారు. ఒక తల్లి కడుపున పుట్టిన ముగ్గురూ ఈనాటి పటంలో మూడు రాష్ట్రాలవారు. ఒకరు కర్ణాటక, ఒకరు ఆంధ్రప్రదేశ్, ఒకరు తమిళనాడు. అవ్వ పోయాక ఆమె ట్రంకు పెట్టె తెరిస్తే చీరల అడుగున, కర్పూరం బిళ్లల మధ్య, దారంతో కట్టిన పోస్టుకార్డుల కట్ట దొరికింది. అన్నీ తెలుగులోనే. బిడ్డ పుట్టిన కబురు, ఆవు ఈనిన కబురు, వాన పడలేదన్న కబురు, అనపకాయల కాపు బాగున్నది పితికిపప్పుకు రమ్మని పిలుపు. ముగ్గురూ బడికి పోయినవారు కారు. పురాణం చదివే అలవాటున్న తండ్రి ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలు మూడు రాష్ట్రాల మీదుగా నలభై ఏళ్లు అక్కచెల్లెళ్లను కలిపి ఉంచాయి.

ఈ రోజు ఈ సభలో ఆ ముగ్గురి మునిమనుమలూ ఉన్నారు. నిన్న ఆ కార్డుల కట్ట వారి చేతిలో పెట్టాను. మాలూరు పిల్లలు కన్నడం బాగా చదువుతారు. మా ఊరి పిల్లలు తమిళం బాగా చదువుతారు. కుప్పం పిల్లలు తెలుగు చదువుతారు, కానీ ఇంగ్లీషు మాధ్యమం బడి వల్ల కూడబలుక్కుని చదువుతారు. ముగ్గురు ముత్తవ్వల మాట ముగ్గురు పిల్లల నోటా ఉంది. ముత్తవ్వల రాత మాత్రం అందరికీ అందటం లేదు. ఒక కుటుంబంలో నాలుగు తరాలలో ఇది జరిగింది. మీ మీ ఇళ్లలోని పెట్టెలు తెరిచి చూసుకోండి, అక్కడా ఇదే కనబడవచ్చు.

అవ్వకు తెలుగు మీద ఉన్న ప్రేమను గురించి చెప్పేటప్పుడు ఒక సంగతిని స్పష్టం చేయాలి. ఆమెకు ఏ భాష మీదా ద్వేషం లేదు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బస్సులో, కచ్చేరీలో తమిళం, గాజులమ్ముకునే సాయిబు వస్తే అతనితో అతని ఉర్దూ. ఎవరి మాటలో వారిని పలకరించటం మర్యాద అనుకునేది. హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరుని తేరుకు పోయినా, డెంకణికోట బేటరాయస్వామి తేరుకు పోయినా, పక్కన నిలబడిన మనిషి ఏ భాషవారో రెండు మాటలలో పసిగట్టి ఆ భాషలోకి మారిపోయేది. తెలుగు ఇంటిలో పుట్టి తమిళ కథకు ప్రాణం పోసిన కి. రాజనారాయణన్ గారు 1976లో 'గోపల్ల గ్రామం' అనే నవల రాశారు. తెలుగు గడ్డను విడిచి దక్షిణానికి నడిచి వెళ్లిన కుటుంబాల వలస కథను అందులో ఒక పండు ముదుసలి చెబుతుంది. నేను ఆ తమిళ పుస్తకాన్ని కొన్ని రాత్రులు అవ్వకు తెలుగులో చెబుతూ పోయాను. ముగిశాక ఆమె, "మన కత వాళ్ల అక్షరాల్లో బ్రతికి ఉంది. వాళ్లకు పుణ్యముంటుంది. మన అక్షరాల్లో ఎవరు రాస్తారు నాయనా?" అన్నది. కృతజ్ఞతా, బాధా రెండూ ఆ మాటలో ఉన్నాయి. మన ఉద్యమానికి ఉండవలసిన మనసు కూడా అదేనని నా నమ్మకం.

మన తెలుగును వెక్కిరించేవారు బయటే కాదు, తెలుగునాట కూడా ఉన్నారు. ఒకసారి కోస్తా జిల్లాల నుంచి మా ఇంటికి వచ్చిన అతిథి అవ్వ మాటలు విని నవ్వి, "ఇది తెలుగేనా?" అన్నారు. మేము అరుగును జగిలి అంటాము, దాహాన్ని దప్పి అంటాము, కథను కత అంటాము. అవ్వ నొచ్చుకోలేదు. "మా నీళ్లు మా బావిలోవి నాయనా. మీ ఏటినీళ్ల రుచి రాదు. దప్పి మాత్రం తీరుతుంది" అన్నది. గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితమంతా పోరాడింది ఈ మాట కోసమే. జనం నోట ఉన్నదే భాష అన్నారాయన. ఆ మహనీయుడు కూడా సరిహద్దు మనిషే. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ పక్కనున్న సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, దశాబ్దాలు గడిపిన ఆ ఊరిని విడిచి రాజమండ్రికి తరలిపోయారు. గీత జరిగితే ఒక పండితుడికి కూడా ఇల్లు విడువవలసి వచ్చింది. విడిచిపోయే వీలు లేని లక్షలాది సామాన్యులు ఉన్నచోటే ఉండి భాషను కాపాడుకోవలసి వచ్చింది. మా అవ్వ ఆ రెండవ కోవకు చెందినది.

ఎలా కాపాడింది? రెండు సంగతులు చెబుతాను.

మొదటిది, బడి సంగతి. నాకు పన్నెండేళ్లప్పుడు, 1990ల మొదట్లో, మేము చదివిన బడిలో తెలుగు పంతులు గారు ఉద్యోగ విరమణ చేశారు. ఆయన స్థానంలో మరొకరిని వేయలేదు. ఏడాది గడిచింది. తెలుగు వాచకాలు బీరువాలో ఉన్నాయి, చెప్పేవారు లేరు. ఊరి మగవారు "చూద్దాం" అంటూ కాలం గడిపారు. అవ్వ మరో ఐదుగురు ఆడవారిని కూడగట్టుకుని అర్జీ పెట్టాలని తేల్చింది. ఆమె చెప్పింది, నేను రాశాను. నా జీవితంలో నేను రాసిన మొదటి అర్జీ అదే. తెలుగులో రాశాను, ఎందుకంటే ఆమె తెలుగులో చెప్పింది. ఆరుగురు ఆడవారూ వేలిముద్రలూ సంతకాలూ వేసి, దానిని తీసుకుని కచ్చేరీకి పోయారు. నన్నూ తోడు తీసుకుపోయారు.

అక్కడి గుమాస్తా కాగితం చూసి, "ఇది తమిళంలో రాసుకు రండి, ఈ భాషలో అర్జీ తీసుకోము" అన్నాడు. అవ్వ అతనితో చక్కని తమిళంలోనే మాట్లాడింది. "అయ్యా, మీకు చదవటం రాకపోతే నేను చదివి వినిపిస్తాను, విని మీ భాషలో రాసుకోండి. కానీ కాగితం మాత్రం ఇదే ఉంచుకోండి. తెలుగు పంతులు కావాలని తెలుగులో అడగకపోతే, మాకు తెలుగు అక్కరలేదని మీరే అంటారు" అన్నది. ఆ మాటకు అతని దగ్గర బదులు లేదు. పైనున్న అధికారి పిలిచి విన్నాడు, కాగితం తీసుకున్నాడు. కొన్ని నెలలకు పక్క ఊరి బడి నుంచి ఒక పంతులు గారు వారానికి మూడు రోజులు వచ్చి పాఠం చెప్పే ఏర్పాటు జరిగింది. రెండేళ్లు నడిచి అదీ ఆగిపోయింది. ఆ రెండేళ్లలో నేనూ నాతోటి పిల్లలూ తెలుగు గట్టిగా నేర్చుకున్నాము.

చాలా ఏళ్ల తరువాత లా కళాశాలలో రాజ్యాంగం చదువుతుండగా 350వ అధికరణం నా కంటబడింది. తన బాధను విన్నవించుకోవటానికి ప్రతి వ్యక్తికీ కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు ఉన్నదని అది చెబుతుంది. దాని వెంటనే 350-ఎ అధికరణం. భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించటానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారాంశం. 350-బి అధికరణం ఈ రక్షణలను పరిశీలించటానికి ఒక ప్రత్యేకాధికారిని నియమించమంటుంది. ఈ చివరి రెండూ 1956లో ఏడవ రాజ్యాంగ సవరణతో వచ్చాయి. అంటే గీతలు గీసిన ఏడాదే, ఆ గీతలకు ఆవల పడినవారి కోసం రాసిన హామీలన్నమాట. అవ్వ ఈ అధికరణాలు ఏవీ ఎరుగదు. ఆరోజు కచ్చేరీలో ఆమె అడిగినవి ఆ హక్కులే.

రెండవది, దస్తావేజు సంగతి. చెరువు కింద మాకున్న చెక్క హద్దు విషయమై పక్క చేనివారితో తగాదా వచ్చింది. అప్పటికి అవ్వకు ఎనభై ఏళ్లు. ఆధారం మా ముత్తాత 1948లో రాయించుకున్న క్రయ దస్తావేజు. అది తెలుగులో ఉంది. మా ఇంటి కుర్రవాళ్లకు ఆ గొలుసుకట్టు దస్తూరి కొరుకుడు పడలేదు. పక్కవారి పిల్లలూ చదవలేకపోయారు. తగాదా కోర్టుకు ఎక్కబోతుండగా అవ్వ రెండు వైపులవారినీ జగిలి మీద కూర్చోబెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, చెక్కుబందీ మొత్తం బిగ్గరగా చదివింది. తూర్పున ఎవరి చేను, దక్షిణాన ఏ కాలువ, పడమట ఏ చింతమాను అని. ఆ చింతమాను ఈ రోజుకూ ఉంది. అందరూ పోయి చూశారు. తగాదా అక్కడితో ముగిసింది. వకీలునైన నాకు ఆ రోజు ఫీజు రాలేదు, ఎంతో సంతోషం కలిగింది.

భాషను సంస్కృతి అని, వారసత్వం అని పెద్ద మాటలతో చెబుతాము. అవి నిజమే. కానీ మన ప్రాంతంలో అది భూమి పత్రం కూడా. పాత క్రయపత్రాలు, భాగపరిష్కార పత్రాలు, దానపత్రాలు తెలుగులో ఉన్న ఇళ్లు ఈ తాలూకాలో ఎన్నో ఉన్నాయి. చదివేవారు ఉన్నప్పుడే వాటిని చదివించి, నకళ్లు తీయించి, నమ్మకమైన అనువాదం చేయించి పెట్టుకోండి. రాజ్యాంగం 29వ అధికరణం తమకంటూ ప్రత్యేక భాష, లిపి, సంస్కృతి ఉన్న పౌరులకు వాటిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. అందులో భాష అనే మాట పక్కనే లిపి అనే మాట వేరుగా ఉండటం గమనించండి. మాట మిగిలి లిపి పోతే ఏమవుతుందో మా చెరువు కింది చెక్క మాకు నేర్పింది.

1990లలో పంతులు గారి రాక ఆగిపోయిన నాటి నుంచి అవ్వ జగిలే బడి అయింది. సాయంత్రం దీపం పెట్టాక పిల్లలు వచ్చేవారు. పలకలు, ఒక పెద్ద బాలశిక్ష, అవ్వ నోటికి వచ్చిన శతక పద్యాలు, ఆపైన చారెడు వేయించిన వేరుసెనగలు. మొదట పదకొండుమంది ఉండేవారు. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాగంగా తప్పనిసరి చేశారు. తమిళం గానీ ఇంగ్లీషు గానీ మాతృభాష కానివారు తమ భాషను నాలుగవ భాగంలో ఐచ్ఛికంగా చదువుకోవచ్చు అన్నారు. 2015-16లో ఆ తొలి జట్టు పదవ తరగతికి వచ్చింది. అప్పటి నుంచి అల్పసంఖ్యాక భాషల పిల్లలు తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోసం న్యాయస్థానాల తలుపులు తట్టవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక్క ఏడాదికి మినహాయింపును పొడిగించింది. ఏడాదికి ఏడాది చొప్పున పిల్లవాడి చదువు వేలాడటం ఎంత వేదనో ఆ తల్లిదండ్రులను అడగండి.

రాష్ట్ర భాష అందరూ నేర్చుకోవాలన్న కోరికలో తప్పు లేదు. మహారాష్ట్రలో మరాఠీని తప్పనిసరి చేసినప్పుడు 2004లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది కూడా. అవ్వకు ఈ చట్టం సంగతి వివరించినప్పుడు ఆమె, "తమిళం నేర్పనీ, మంచిదే. మునిమనుమడికి నాకంటే బాగా వస్తుంది. కానీ ఉన్న విస్తరిలో కొత్త కూర వడ్డించటానికి అన్నం తీసెయ్యాలా?" అన్నది. మన వాదమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. ఐచ్ఛికం అన్న మాట కాగితం మీద బాగుంటుంది. పంతులు లేనిచోట, పుస్తకం రానిచోట, ఆ మాటకు అర్థం ఉండదు. జగిలి బడిలో పిల్లలు పదకొండు నుంచి నలుగురయ్యారు, తరువాత ఇద్దరయ్యారు. ఇద్దరే వచ్చినా అవ్వ దీపం పెట్టింది.

ఆమె ఆఖరి రోజుల సంగతి చెప్పి తీరాలి. వయసు పైబడినవారు కడపటి రోజుల్లో తరువాత నేర్చిన భాషలను విడిచి మొదటి భాషకు చేరుకోవటం వైద్యులు ఎరిగినదే. అవ్వ విషయంలోనూ అదే జరిగింది. ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాము. డెబ్బై ఏళ్లుగా మాట్లాడిన తమిళమూ, పుట్టింటి నాటి కన్నడమూ రెండూ ఆమెను విడిచిపోయాయి. తెలుగు ఒక్కటే మిగిలింది. లోపలి గదిలోకి ఇంటివారిని రోజుకు ఒక్కసారే అనుమతించేవారు. ఆమె "దప్పి" అంటే లోపల ఉన్నవారికి తెలియలేదు. అక్కడ పనిచేసే నర్సు ఒక కేరళ అమ్మాయి. రెండవ రోజు తానే బయటికి వచ్చి, "అవ్వ ఏమంటున్నారో నాకు నేర్పండి" అని అడిగింది. నా అన్న కూతురు పన్నెండేళ్లది. ఆ జగిలి బడికి వచ్చిన చివరి ఇద్దరిలో ఒకతె. దప్పి, నొప్పి, చలి, వెలుతురు, ఇట్లా పది మాటలు చెప్పింది. ఆ నర్సమ్మ వాటిని తన మలయాళ అక్షరాలలో రాసుకుని మంచం పక్కన అంటించుకుంది. పదకొండవదిగా "భయం లేదు అవ్వా" అనే మాట తానే అడిగి నేర్చుకుంది. తరువాత లోపలికి వెళ్లినప్పుడు అవ్వ ముఖంలో కలత తగ్గి ఉండటం చూశాను. ఏ అధికరణమూ ఆ అమ్మాయిని బలవంతం చేయలేదు. ఎదుటి మనిషి భాషను గౌరవించటం ఎంత సులభమో, దానివల్ల ఎంత మేలు జరుగుతుందో ఆమె చేసి చూపింది. ఆ అమ్మాయికి ఈ సభాముఖంగా నమస్కరిస్తున్నాను.

ఇక, అవ్వకు మనం చేయగల నివాళి ఏమిటి? పటానికి పూలదండ వేశాము, మంచిదే. సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలవారికి మూడు పనులు విన్నవిస్తున్నాను.

మొదటిది జనగణన. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42 లక్షలకు పైగా ఉన్నారు, అంటే జనాభాలో దాదాపు 5.9 శాతం. ఆ ఏడాది మా ఇంటికి లెక్క రాసుకోవటానికి వచ్చిన యువకుడు మాతృభాష గడిలో అడగకుండానే తమిళమని వేయబోయాడు. అవ్వ ఆపి, "ఏ మాట రాశావు నాయనా?" అని అడిగింది. "ఇది తమిళనాడు కదా అవ్వా" అన్నాడు. "ఊరు తమిళనాడే. నన్ను కన్న తల్లి నాతో ఏమి మాట్లాడేదో అది కదా రాయవలసింది?" అన్నది. జనగణన నియమాలలో మాతృభాషకు ఉన్న నిర్వచనం సరిగా అదే, చిన్ననాట తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. అతను దిద్ది రాసుకున్నాడు. 2021లో జరుగవలసిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1ని ప్రామాణిక సమయంగా పెట్టి జనగణన జరుపుతామని 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. లెక్క రాసేవారు వచ్చినప్పుడు అవ్వలా అడగండి. కర్ణాటకలోనైనా, ఒడిశాలోనైనా, మహారాష్ట్రలోనైనా, యానాంలోనైనా ఇది వర్తిస్తుంది. లెక్కలో లేనివారికి హక్కు అడిగే బలం ఉండదు.

రెండవది బడి. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం అంగీకరించింది. తరగతిలో పదిమంది గానీ బడి మొత్తంలో నలభైమంది గానీ ఒక అల్పసంఖ్యాక భాష పిల్లలు ఉంటే, ప్రాథమిక దశలో ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుడిని వేయాలన్నదే ఆ సూత్రం. బడి తెరవటానికి మూడు నెలల ముందే తల్లిదండ్రుల కోరికను నమోదు చేసుకునే పట్టికలు పెట్టాలన్న ఏర్పాటు కూడా తరువాత వచ్చింది. ఈ పదీ నలభై సంగతి మనలో ఎందరికి తెలుసు? విడివిడిగా అడిగితే "పిల్లలు లేరు" అని బదులు వస్తుంది. ఊరిలోని పదిమంది తల్లులు ఒకే కాగితం మీద, తెలుగులో, తేదీ వేసి అడగండి. రసీదు తీసుకోండి. అర్జీ రాయటానికి నా వంటివారిని ఎప్పుడు పిలిచినా వస్తాము. 2002లో సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం, అల్పసంఖ్యాకులెవరో తేల్చటానికి రాష్ట్రమే ప్రమాణమని చెప్పింది. ఆ ప్రకారం తెలుగు దేశంలో పెద్ద భాషలలో ఒకటి అయినా, ఈ రాష్ట్రంలో మనకు 30వ అధికరణం ప్రకారం సొంతంగా విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఉంది.

మూడవది ఇల్లు. దీనికి ప్రభుత్వం అక్కరలేదు, న్యాయస్థానం అక్కరలేదు. అవ్వకు రోజూ పట్టింది ఒక గంట. మన ఇళ్లలో టెలివిజన్ ముందు గడిచే కాలంలో అది ఎంత? పిల్లలకు అక్షరాలు దిద్దించండి. వారి చేత అవ్వలకు, తాతలకు, సరిహద్దు ఆవలి చుట్టాలకు తెలుగులో ఉత్తరం రాయించండి. సెల్‌ఫోనులోనైనా సరే, తెలుగు లిపిలోనే రాయించండి. మన మాటలను మన తీరులోనే రాయనివ్వండి. జగిలి అని రాస్తే కొట్టివేసి అరుగు అని దిద్దకండి.

ఒక మాట చెప్పి ముగిస్తాను. మా కుటుంబం వారమంతా కలిసి ఒక నిర్ణయం తీసుకున్నాము. అవ్వ జగిలి బడి మళ్లీ మొదలవుతుంది. వారానికి నాలుగు సాయంకాలాలు, ఎవరి పిల్లలైనా రావచ్చు, తమిళ, కన్నడ పిల్లలకూ స్వాగతమే. పాఠం చెప్పటానికి మా అన్నగారి భార్య, కుప్పం ఆడపడుచు, ఒప్పుకున్నారు. ఆసుపత్రిలో పది మాటలు నేర్పిన నా అన్న కూతురు పలకలు సర్దుతుంది. నిన్నటికి ఏడుగురు పిల్లల పేర్లు అందాయి. పదికి మరో ముగ్గురు కావాలి. ఈ సభలో ఉన్న తల్లులు ఇళ్లకు వెళ్లే ముందు ఆ మూడు పేర్లు ఇచ్చి వెళ్లవలసిందిగా కోరుతున్నాను. పది నిండిన మరుసటి సోమవారమే, తెలుగులో రాసిన అర్జీతో, మనందరం కలిసి బడి అధికారి దగ్గరకు వెళదాం.